గుమ్మం ముందు వంకాయరంగు నీళ్ళు

ఇది మా ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఇందాకే అరుగు దిగి, మునగచెట్టు దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చున్నాను. చేతికర్ర గోడకి ఆనించే ఉంది, ఈరోజు దాన్ని ముట్టుకోలేదు. కుడిపాదం కింద గాలి సగం తీసిన ఫుట్‌బాల్ ఒకటి ఉంది. రాస్తూ రాస్తూ దాన్ని ముందుకీ వెనక్కీ దొర్లిస్తున్నాను. అలవాటైపోయింది. ఎనిమిది నెలల కిందట ఈ కాళ్ళు నావి కావు.

నా పేరు రమణయ్య. నలభైకి రెండేళ్ళు తక్కువ. ఇందుకూరుపేట మండలంలో, మైపాడు బీచ్ దగ్గర మా ఊరు. నాలుగు రొయ్యల గుంటలు సాగు చేస్తాను. రాయడం నా పని కాదు. కానీ మంచాన పడ్డవాడికి వచ్చే ఆలోచనలు మంచం దిగాక కూడా వదలవు, ఎక్కడో ఒకచోట దించుకోవాలి. పైగా ఇలాంటి జబ్బుతో ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఎవరి భార్యకో, ఎవరి బామ్మర్దికో ఇది కంటపడితే కాస్త ధైర్యంగా ఉంటుందేమో. ఇందులో నేను చేసిన ఒక సిగ్గుమాలిన పని కూడా ఉంది. దాన్ని దాచి మిగతాది చెబితే ఇది రాసి ప్రయోజనం లేదు.

ఫిబ్రవరి

ముందు లిన్ గురించి చెప్పాలి. మా ఊరి బయట రొయ్యల మేత తయారుచేసే మిల్లు ఉంది. దానికి చైనా నుంచి కొత్త మెషిన్లు వచ్చాయి. వాటిని బిగించి, నడిపి, ఇక్కడివాళ్ళకి నేర్పడానికి వాటితో పాటు ఒక మనిషి వచ్చాడు. అతనే లిన్. నాకన్నా రెండేళ్ళు చిన్న. మిల్లు వెనక క్వార్టర్సులో ఒక గదిలో ఉండేవాడు. చేతిలో ఎప్పుడూ ఫోను. అతను తన భాషలో మాట్లాడితే ఫోనులోంచి ఒక ఆడగొంతు తెలుగులో చెప్పేది. ఆ తెలుగు మా తాత చదువుకున్న పుస్తకాల్లోది. టీ బంకు దగ్గర ఆ గొంతు "నాకు స్వల్ప చక్కెరతో తేనీరు కావలెను" అన్నరోజు నుంచి వారం దాకా ఊళ్ళో ఎవరూ మామూలుగా టీ అడగలేదు.

సాయంత్రాలు మేం బీచ్‌లో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. గుంటలవాళ్ళం ఒక జట్టు, పట్టపుపాళెం నుంచి సముద్రంలో చేపల వేటకెళ్ళే వాళ్ళు ఒక జట్టు. నెల్లూరు కాలేజీలో చదివేటప్పుడు నేను గోల్‌కీపర్‌ని. పొడుగ్గా ఉన్నానని నిలబెట్టారు తప్ప పెద్ద ఆటగాణ్ణేం కాదు. ఒకరోజు బంతి దొర్లుకుంటూ దూరంగా కూర్చుని శనక్కాయలు తింటున్న లిన్ వైపు వెళ్ళింది. అతను లేచి, పొట్లం మడిచి జేబులో పెట్టుకుని, ఎడమకాలితో ఒక్క తన్ను తన్నాడు. అంత దూరం నుంచి వచ్చి బంతి నా రెండు చేతుల్లో పడింది. నేను ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. నేను కదలాల్సిన పని లేకుండా కొట్టాడు.

"యో, ఎవురయ్యా నువ్వు?" అన్నాను.

ఫోను చెప్పింది: "నేను పూర్వము వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుడను."

అందరం పడీపడీ నవ్వాం. అతను కూడా నవ్వి, ఫోనులో ఒక ఫొటో చూపించాడు. చుట్టూ జనంతో నిండిపోయిన స్టేడియం, మధ్యలో ఎర్ర చొక్కాలో లిన్. నవ్వులు ఆగిపోయాయి. ఆ రోజు నుంచి మాతో ఆడేవాడు. గట్టిగా పరిగెత్తేవాడు కాదు, కుడిమోకాలికి అటూ ఇటూ రెండు పొడుగాటి కుట్ల మచ్చలుండేవి.

ఇక రొయ్యల సాగులో ఒక కట్టుబాటు ఉంది, అది చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. పరాయి మనిషి కాలితో జబ్బు వస్తుందని మాకు భయం. గేటు దగ్గర ఒక తొట్టిలో పర్మాంగనేట్ కలిపిన వంకాయరంగు నీళ్ళు పోసి పెడతాం. ఎవరైనా అందులో రెండు కాళ్ళూ ముంచాకే గట్టు ఎక్కాలి. పక్క గుంటల మనిషి సొంత తమ్ముడైనా గేటు బయట నిలబడే మాట్లాడతాడు. ఒక్క గుంటకి వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల జబ్బు తగిలిందంటే వరసలో ఉన్న గుంటలన్నీ భయపడాల్సిందే.

ఫిబ్రవరి మొదట్లో రెండో గుంటలో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ గేర్‌బాక్సు పట్టేసింది. నీళ్ళలో గాలి తగ్గితే రొయ్యలు పూటలో పోతాయి. లిన్‌కి ఫోను చేస్తే స్పానర్ల సంచితో పరిగెత్తుకొచ్చాడు. గేటు తీసి చూస్తే తొట్టి ఎండిపోయి ఉంది. అతను దాన్ని చూపించి ఏదో అడగబోయాడు. "ఏం కాదులే, ముందు రా" అని చెయ్యి పట్టుకుని నేనే లోపలికి తీసుకుపోయాను. గంటలో గేర్‌బాక్సు తిరిగింది.

నాలుగు రోజులకి రెండో గుంటలో రొయ్యలు అంచులకొచ్చి తేలాయి. పెంకు మీద తెల్లమచ్చలు. అదే పొద్దున నా అరికాళ్ళకి తిమ్మిరి మొదలైంది. అంతకు రెండు వారాల ముందు విరేచనాలయ్యాయి, తగ్గిపోయాయి, మర్చిపోయాను. ఈ తిమ్మిరి ఉప్పునీళ్ళలో నానినందుకేలే అనుకున్నాను. కొబ్బరినూనె రాసుకుని, ఉన్న రొయ్యల్ని పట్టించే హడావుడిలో తిరిగాను. రెండోరోజు గట్టు ఎక్కడానికి బామ్మర్ది మధు భుజం పట్టుకోవాల్సి వచ్చింది. మూడోరోజు పొద్దున మంచం మీంచి లేచి నిలబడి, అట్లాగే కూలిపోయాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ వారం తెలిసింది.

ఎవరికైనా కాళ్ళలో తిమ్మిరి మొదలై పైకి పాకుతుంటే నాలాగా కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చోకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

ఆసుపత్రిలో మూడు వారాలు

నెల్లూరులో నన్ను చూసిన డాక్టరమ్మకి అరవై దాటి ఉంటాయి. నిదానంగా మాట్లాడేది. "ఒంట్లో జబ్బుతో పోట్లాడే బలగం ఒకటుంటుంది. మీకు విరేచనాలైనప్పుడు లేచిన ఆ బలగం దారితప్పి మీ నరాల మీదే పడింది. ఇది అంటుకునే జబ్బు కాదు. ఒకరి నుంచి వచ్చిందీ కాదు. కాళ్ళు తిరిగొస్తాయి, కానీ ఓపిక పట్టాలి" అంది. నేనూ, నా భార్య రాజేశ్వరీ, మా అమ్మా, మధూ, నలుగురం విన్నాం. నలుగురం తలూపాం. దీన్ని గుర్తుపెట్టుకోండి.

ఆమె రోజూ పొద్దున వచ్చి ఒకే పని చేయించేది. గట్టిగా గాలి పీల్చి, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలనో చూసేది. నీరసం ఊపిరి దాకా పాకుతోందా లేదా అని తెలుసుకోవడానికట. మొదటిరోజు ముప్పై దాటాను. మర్నాడు ఇరవైనాలుగు. ఆ తర్వాత పదిహేడు. చేతులు కూడా ఎత్తలేకపోతున్నాను. నాలుగోరోజు పదకొండు దగ్గర ఊపిరి అయిపోయింది. కాసేపటికి పెద్ద మెషిన్ ఒకటి తోసుకొచ్చి నా మంచం పక్కన పెట్టారు. అదెందుకో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. నాకు చచ్చేంత భయం వేసింది. చచ్చిపోతానన్న భయం ఒకటి. అంతకన్నా, నా కూతురు నన్ను ఇట్లా చూస్తుందేమోనన్న భయం ఎక్కువ.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ వచ్చింది. లెక్కపెట్టాను. మళ్ళీ పదకొండే. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నవ్వింది.

"నిన్నటికన్నా తగ్గలేదు గదా నాయనా. ఈరోజుకి ఇది చాలు."

ఆ మరుసటిరోజు పదమూడు. మెషిన్ని వాడకుండానే తోసుకెళ్ళిపోయారు. దాని చక్రాలు కిర్రుకిర్రుమంటూ దూరమవుతుంటే అంత కమ్మని చప్పుడు ఇంకోటి లేదనిపించింది.

బయట హాల్లో జరిగినవి రాజేశ్వరి తర్వాత చెప్పింది. ఇనప కుర్చీల వరస, ఎదురుగా ఐసీయూ తలుపు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరూ లేచి నిలబడతారట. పక్క కుర్చీలో అల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉండేది. భర్తకి పక్షవాతం. ఆమె రాజేశ్వరి కొంగు పట్టి లాగి, "కూచో పాపా. మన పేరు పిలిస్తేనే లేద్దాం. ఊరికే లేస్తా కూచుంటా ఉంటే మన మోకాళ్ళు పోతాయి, ఆ పైన మనల్ని ఎవురు చూస్తారు?" అందట. పెరుగన్నం సగం పెట్టి, ఊరగాయ ముక్క ఒక్కటే ఉంటే దాన్నీ చీల్చి ఇచ్చిందట. ఆమె భర్త కూడా కోలుకుని ఇంటికెళ్ళాడు. ఇప్పటికీ ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది.

అదే హాల్లో గొడవ కూడా జరిగింది. మధు తల పట్టుకుని, "ఆ చైనా ఆయన గట్టు తొక్కినాడు. నాలుగు రోజులకి రొయ్యలు పడినాయి, బావా పడినాడు. ఇంకేం చెప్పాల?" అన్నాడు.

మా అమ్మ కళ్ళొత్తుకుంటూ, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తొట్లో కాలు పెట్టనోణ్ణి ఎందుకు పిలిచినాడో నా కొడుకు" అంది.

"అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది గదత్తా!" అని రాజేశ్వరి లేచింది. పన్నెండేళ్ళ కాపురంలో మా అమ్మకి ఎదురుచెప్పడం అదే మొదటిసారి. రెండు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆ రెండు రోజుల్లోనే లిన్ ఆపిల్ పళ్ళు తీసుకుని వచ్చాడు. మధు ఆసుపత్రి గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపేశాడు. లిన్ పళ్ళు మాత్రం వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్ళాడట.

మార్చి నుంచి మే దాకా

చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాను. అందరూ గండం గడిచిందన్నారు. నాకు మాత్రం అసలు కష్టం అప్పుడే మొదలైంది. చేతులు తిరిగొచ్చాయి. కాళ్ళు మాత్రం ఎవరివో తెచ్చి అతికించినట్టు పడి ఉండేవి. అరికాళ్ళకి ఎప్పుడూ మందపాటి తడి మేజోళ్ళు తొడిగినట్టుండేది. నిలబెడితే కింద నేల ఉందో లేదో తెలిసేది కాదు. గుంటలు మధు చూసుకుంటున్నాడు. ఇల్లూ, కూతురి బడీ, నా స్నానమూ రాజేశ్వరి మీద పడ్డాయి. నేను చేసే పని విసుక్కోవడం ఒక్కటే. ఒకరోజు పప్పులో ఉప్పెక్కువైందని కంచం విసిరేశాను. ఆమె నేల తుడిచింది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చిన మూడోరోజు సాయంత్రం వీధిలో లిన్ కనపడ్డాడు. చంకలో బంతి. మధు గబగబా లోపలికొచ్చాడు.

"బావా, వస్తన్నాడు. తొట్టి పెట్టమంటావా?"

నేను అప్పుడు వద్దని చెప్పి ఉండాల్సింది. డాక్టరమ్మ మాట చెవిలోనే ఉంది. కానీ ఆ కాళ్ళను చూసుకుంటుంటే ఎవరో ఒకరి మీద కోపం కావాలి నాకు. "పెట్టు" అన్నాను.

గుమ్మం ముందు తొట్టి పెట్టారు. గుంటల దగ్గర పెట్టేదే, అవే వంకాయరంగు నీళ్ళు. లిన్ వచ్చి ఆగాడు. తొట్టిని చూశాడు. అమ్మనీ, మధునీ, మంచం మీద నన్నూ చూశాడు. బంతి కింద పెట్టి, బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి బూట్లలో పెట్టి, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచాడు. ఒక కాలు ముంచాడు. ఇంకో కాలు ముంచాడు. తడి అడుగులతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "మీ పాదములు ఎట్లున్నవి?" అంది ఫోను.

ఆ తర్వాత రోజూ అంతే. మా ఊరివాళ్ళు చూడ్డానికి వస్తే తొట్టి పక్కనుంచి దాటుకుని లోపలికొచ్చేవాళ్ళు, వాళ్ళనెవరూ ఆపలేదు. ముంచేది అతనొక్కడే. ఆ నీళ్ళు ఒంటికి మరక పడతాయి. నెల తిరిగేసరికి అతని కాలిగోళ్ళు ముదురు గోధుమరంగుకి తిరిగాయి. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆ బంతిలో గాలి సగమే ఉండేది. నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, పాదం దాని మీద పెట్టించి, ముందుకీ వెనక్కీ దొర్లించమనేవాడు. మొదట్లో పాదం జారి పక్కకి పడిపోయేది. తీసి మళ్ళీ బంతి మీద పెట్టేవాడు. ఇరవైసార్లయ్యాక తెలుగులోనే "ఇంకో కాలు" అనేవాడు. అతనికి ఫోను లేకుండా వచ్చిన తెలుగు మాటలు పట్టుమని పది కూడా లేవు. అన్నా, కారం వద్దు, చాలు, ఇంకో కాలు. నెల్లూరు నుంచి వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియో అమ్మాయి చూసి, "బాగుంది, ఇదే చెయ్యండన్నా. నేను చెప్పేవాటితో పాటు" అంది.

దొర్లిస్తూ ఉంటే కథ చెప్పేవాడు. ఆ కథ నాకు మందులతో సమానంగా పనిచేసింది.

లిన్ పుట్టిన ఊరికి సముద్రం లేదు, చుట్టూ కొండలు. తండ్రి బస్సు డ్రైవరు. లిన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు బడికి ఒక కోచ్ వచ్చి, పిల్లలందరినీ పరిగెత్తించి, చివరికి చీలమండలు పట్టుకుని చూసి, ఇతన్ని ఎంచుకున్నాడు. ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో వెళ్తే ఫుట్‌బాల్ బడి. గదికి ఎనిమిదిమంది. చలికాలంలో తెల్లవారకముందే మంచు మీద పరుగు. "నేను ఏడ్చెడివాడను. కానీ పరిగెత్తుచు ఏడ్చుట వలన ఎవరికీ తెలియదు" అంది ఫోను. ఆ ఎనిమిదిమందిలో ఆటనే బతుకుదెరువు చేసుకున్నది ఇద్దరే.

ఇరవై ఏళ్ళకి ఒక క్లబ్బులో చేరాడు. ఎడమవైపు డిఫెండరు. రెండేళ్ళు బెంచీ మీదే. మొదటి మ్యాచ్‌లో చివరి నాలుగు నిమిషాలకి దింపారు. బంతి ఒక్కసారి తగిలింది, అదీ త్రో వెయ్యడానికి చేత్తో పట్టుకున్నప్పుడు. వాళ్ళమ్మ ఆ నాలుగు నిమిషాలూ టీవీలోంచి రికార్డు చేయించి, ఇంటికి ఎవరొచ్చినా చూపించేదట. గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చిన వాణ్ణి కూడా కూర్చోబెట్టేదట. రాజేశ్వరి వంటింట్లోంచే పకపకా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి మూడు నెలలైంది.

తర్వాత కుదురుకున్నాడు. ఒక ఏడాది పై లీగులో కూడా ఆడాడు. ఇరవయ్యారేళ్ళప్పుడు మోకాలు పోయింది. కోశారు. ఆడబోతే మళ్ళీ పోయింది, మళ్ళీ కోశారు. ఇక ఆట అయిపోయిందన్నారు. మొదట్లో జట్టువాళ్ళు రోజూ వచ్చేవాళ్ళు. తర్వాత వారానికోసారి, ఆ తర్వాత అస్సలు లేదు. ఆటగాళ్ళ బట్టలూ బూట్లూ చూసుకునే ముసలాయన ఒక్కడే వస్తూ పోయాడు. గాలి సగం తీసిన బంతి తెచ్చింది ఆయనే.

"గాలి ఎందుకు తీశాడు?" అని అడిగాను.

"నిండుగా ఉన్న బంతి పారిపోవును. రోగి దాని వెంట పోలేడు. సగము గాలి గల బంతి నీ కొరకు ఆగును" అంది ఫోను.

పదకొండు నెలలకి లిన్ మళ్ళీ గ్రౌండులో దిగాడు. కింది లీగులో, చిన్న క్లబ్బులో. అక్కడే తన జీవితంలో ఒకే ఒక్క గోలు కొట్టాడు. అది కూడా గోలు కోసం కొట్టింది కాదట. ఎవరికో అందిద్దామని కొడితే గాలి తోసి వలలో పడేసిందట. ముప్పై ఒకటికి ఆట చాలించి, బావమరిది దగ్గర మెషిన్ల పని నేర్చుకున్నాడు. దేశం జట్టులోకి ఎన్నడూ పిలుపు రాలేదు. "నేను ప్రసిద్ధుడను కాను" అని చెప్పి ఫోను ఊరుకుంది. నాకు మాత్రం ఆ నాలుగు నిమిషాలూ, ఆ ఒక్క గోలూ ఎంత పెద్ద ఆటగాడి గొప్పల కన్నా ఎక్కువ. పదకొండు నెలలని విన్నాను గదా. నాకు అప్పటికి మూడే అయ్యాయి.

మే చివర్లో ఒకరోజు వాకర్ పట్టుకుని నిలబడ్డాను. నేనూ లిన్ ఇద్దరం ఏడ్చాం. వెళ్ళేటప్పుడు అతను ఎప్పట్లాగే గుమ్మం దగ్గర బూట్లు చేతిలో పట్టుకుని, మరక కాళ్ళతో వీధిలోకి నడిచాడు.

జూన్

అమ్మకి జ్వరం వచ్చింది. మండలంలో సగంమందికి ఉంది ఆ జ్వరం. "నేను చెప్తానే ఉండా గదరా" అంది అమ్మ. మధు నావైపు చూశాడు. ఇంట్లో రోజూ ఒకే గొణుగుడు, నాకు ఓపిక లేకపోయింది. ఫోను తీసి లిన్‌కి మెసేజ్ పెట్టాను: కొన్నాళ్ళు మా ఇంటికి రావద్దు.

అతని ఫోనులో ఆ ఆడగొంతు దాన్ని వాళ్ళ భాషలో ఎంత మర్యాదగా చదివిందో తెలియదు. జవాబు కాసేపటికి వచ్చింది: "సరే. బంతి ఉంచుకో."

అమ్మ జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. అతన్ని మళ్ళీ రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. మొహం చెల్లలేదు. రోజూ సాయంత్రం ఒంటరిగా బంతి దొర్లించేవాణ్ణి. ఇరవై అయ్యాక గదిలో ఎవరూ "ఇంకో కాలు" అనేవాళ్ళు లేరు. ఒకరోజు రాజేశ్వరి తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ఆయన వల్లనే వచ్చిందని మీరు నిజంగా నమ్తన్నారా?"

"లేదు."

"మరి?"

నేను బంతిని మళ్ళీ పాదం కిందికి లాక్కున్నాను. అరికాళ్ళకి ఆ తడి మేజోళ్ళ మొద్దుదనం అట్లాగే ఉంది. ఫిజియో అమ్మాయి, స్పర్శ చివరిగా వస్తుందన్నా, అంటూనే ఉంది.

ఆగస్టు

వాకర్ పోయి కర్ర వచ్చింది. వసారాలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తున్నాను. ఒక మధ్యాహ్నం మధు భోజనానికొచ్చి, చెయ్యి కడుక్కుని, కంచం ముందు కూర్చోకుండా నా ముందు కూర్చున్నాడు.

"బావా, ఒక మాట చెప్పాల."

"చెప్పు."

"చైనా ఆయన మన గట్టు తొక్కే ముందురోజు నేను పక్క గుంటల కాడికి పోయినా. వాళ్ళ రొయ్యలకి మచ్చలొచ్చి పట్టేస్తా ఉంటే సాయానికి పిలిచినారు. ఆ తడిబట్టల్తోనే వచ్చి మన రెండో గుంటలో దిగినా. వాళ్ళ వల గూడా నా భుజానే ఉండె." అతను తడిచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "తొట్లో నీళ్ళు పోసే పని నాదే బావా. రెండు రోజుల్నించి పొయ్యలా."

నేను కర్ర పక్కకి ఆనించాను.

"రొయ్యల జబ్బు మనుషులకి రాదని నాకు తెల్సు. తెల్సినా... నువ్వు అట్టా పడిపోయేతలికి, అంతా నా కాళ్ళతోనే వచ్చిందేమోనని నిద్రపట్టేది గాదు. ఆయన మీద పెడితే కొంచెం ఊపిరాడింది."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టయింది లిన్ పని. కోపం తన్నుకొచ్చింది. కర్ర కోసం చెయ్యి చాచాను కూడా. అంతలో గుర్తొచ్చింది, ఎండిపోయిన తొట్టిని లిన్ వేలుపెట్టి చూపిస్తే "ఏం కాదులే" అన్నది నేను. తొట్టి పెట్టమంటావా అని మధు అడిగితే "పెట్టు" అన్నది నేను. రావద్దని మెసేజ్ పెట్టింది నేను. మధు ఒక అబద్ధం వెనక దాక్కున్నాడు. నిజం తెలిసీ నేను ఏ అబద్ధం అవసరం లేకుండానే ఆ పని చేశాను. నా భుజం మీద తల పెట్టుకుని వాడు ఏడుస్తుంటే, "ఊరుకోరా" అన్నాను. వాడికా నాకా ఆ మాట చెప్పింది, తెలియలేదు.

గుమ్మం పక్కనున్న తొట్టిని మా అమ్మే తీసుకెళ్ళి, బోర్లించి పెరట్లో పెట్టింది. మధు చెప్పిందంతా వంటింట్లోంచి విన్నట్టుంది. "ఆ బిడ్డ కాళ్ళు ఎట్టా అయిపోయినాయో" అని మాత్రం అంది.

మధు ఇంకో మాట కూడా చెప్పాడు. మిల్లులో లిన్ పని అయిపోయింది. ఆదివారం వెళ్ళిపోతున్నాడు. అది శుక్రవారం.

శనివారం పొద్దున లిన్‌కి మెసేజ్ పెట్టాను. నేను వస్తున్నాను, అని. మధు బండి మీద మిల్లు గేటు దాకా తీసుకెళ్ళాడు. గది ముందు దాకా దింపుతానన్నాడు, వద్దన్నాను. గేటు నుంచి క్వార్టర్సుకి సిమెంటు దారి ఉంది. మామూలు మనిషికి ఐదు నిమిషాల నడక. అప్పటికి వసారా దాటి నేను నడిచి ఎరగను. పక్కనే మధు రెండు చేతులూ చాచుకుని, పట్టుకోకుండా నడిచాడు. మూడుచోట్ల ఆగాను. ఒకచోట మేత బస్తాల మీద కూర్చున్నాను. లారీ మీంచి బస్తాలు దించే హమాలీలు ఒక్క నిమిషం పని ఆపి దారిచ్చారు. ఒకాయన "నిదానంగా పో సామీ, లారీ యాడికీ పోదు" అన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. క్షమించమని చెప్పడానికి ఫోనులో నాలుగు వాక్యాలు రాసి పెట్టుకున్నాను. నడుస్తున్నంతసేపూ అవే తలుచుకుంటున్నాను.

గది తలుపు తెరిచే ఉంది. గుమ్మం ముందు ప్లాస్టిక్ టబ్బు ఒకటి. దాన్నిండా వంకాయరంగు నీళ్ళు. తలుపు మధ్యలో లిన్ చేతులు కట్టుకుని, మొహం గంభీరంగా పెట్టి నిలబడ్డాడు.

మధు తల దించేసుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇదే నాకు తగినదనుకున్నాను. చెప్పులు వదిలి, గుమ్మం చెక్క పట్టుకుని, పంట్లాం మడవడానికి వంగాను. అప్పుడు లిన్ ఇక ఆపుకోలేకపోయాడు. కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. టబ్బు వైపు వేలు చూపిస్తూ, నా వైపు చూపిస్తూ, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మధు కూడా ఏడుస్తూ నవ్వాడు. లిన్ టబ్బు పక్కకి లాగెయ్యబోయాడు. నేను వద్దని చెయ్యి అడ్డం పెట్టాను.

కర్ర మధుకి ఇచ్చి, లిన్ భుజం పట్టుకుని, కుడికాలు ఎత్తి నీళ్ళలో పెట్టాను.

చల్లగా తగిలింది.

నమ్మలేక అట్లాగే నిలబడ్డాను. ఆరు నెలలుగా ఆ పాదానికి ఎండా లేదు, ఇసకా లేదు, నేలా లేదు. ఇప్పుడు మడమ దగ్గర మొదలై వేళ్ళ దాకా చల్లదనం, దాని కింద టబ్బు అడుగున ప్లాస్టిక్ గరుకు. వేళ్ళు కదిపాను. నీళ్ళు కదిలినట్టు తెలిసింది.

"చల్లగా ఉండాయి" అన్నాను. రాసుకున్న నాలుగు వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "లిన్, నీళ్ళు చల్లగా ఉండాయి!"

అతను ఫోను కోసం జేబులో చెయ్యి పెట్టలేదు. నా మొహం చూశాడు, నా పాదం చూశాడు. నవ్వు ఆపి, నడుం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంకో కాలు, అన్నా" అన్నాడు.